మనసుకు నెమ్మదినిచ్చే నియమం: ఒక చిన్న వ్రతాన్ని ఎలా పట్టాలి, ఎలా నిలుపుకోవాలి

గోదావరి ధవళేశ్వరం దాటి గౌతమిగా, వసిష్ఠగా చీలి సముద్రంలో కలిసేలోపల దేవుడి గుడి లేని ఊరంటూ కనబడదు. పంచారామాలలో ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం ఈ నేల మీదే ఉన్నాయి. అయినవిల్లి వినాయకుడు, మురమళ్ల వీరేశ్వరుడు, ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి, వాడపల్లి వెంకన్న, అంతర్వేది నరసింహుడు ఇంత దగ్గరలో కొలువై ఉన్నారు కనుక ఒక కారు మాట్లాడుకుంటే ఒక్క రోజులో నాలుగైదు గుళ్లు చూసి రావచ్చు. అలా వెళ్లివచ్చినవారిలో చాలామంది ఇంటికి చేరి చెప్పులు విడిచేసరికే పాత చిరాకులోకి, పాత బెంగలోకి జారిపోవడం ఎన్నో ఇళ్లలో చూశాను. దర్శనంలో లోపమేమీ లేదు. దర్శనం మన నుంచి ఒక పూటను మాత్రమే అడుగుతుంది, మనశ్శాంతికి మాత్రం రోజూ కొంత ఇవ్వవలసి ఉంటుంది. ఆ కొంతను ఎలా ఇవ్వాలో, ఒక చిన్న నియమాన్ని ఎలా ఎంచుకోవాలో, అది తప్పిన రోజున ఏం చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

హైందవ సంప్రదాయంలో పుట్టి పెరిగిన మనిషిని కనుక నా ఉదాహరణలన్నీ అక్కడివే. రంజాన్ నెలలో ఉపవాసం ఉండే పొరుగువారూ, ఈస్టరుకు ముందు నలభై రోజులు శ్రమకాలంగా పాటించే క్రైస్తవ కుటుంబాలూ ఇందులోని పద్ధతిని తమ విశ్వాసానికి తగినట్టు మార్చుకోవచ్చు. కట్టుబాటు వల్ల మనిషికి కలిగే మేలు ఒక్క మతానికే పరిమితమైనది కాదు.

శాస్త్రవిధికి లోబడితే సుఖం ఎలా వస్తుంది

భగవద్గీత పదహారో అధ్యాయంలో 23వ శ్లోకం, శాస్త్రవిధిని విడిచిపెట్టి తన కోరిక నడిపించినట్టు నడిచేవాడికి ఏమేమి దక్కవో చెబుతూ "న స సిద్ధిమవాప్నోతి న సుఖం న పరాం గతిమ్" అంటుంది. వాడికి సిద్ధి లేదు, పరమగతి లేదు, ఆ రెంటి నడుమ సుఖమూ లేదు. చాలామంది ఈ శ్లోకాన్ని పరలోకానికి సంబంధించిన హెచ్చరికగా చదువుతారు, కాని ఇక్కడే, ఈ ఇంట్లోనే, ఈ సాయంత్రమే దొరకవలసిన సుఖాన్ని గురించి కూడా గీత ఇంత స్పష్టంగా చెప్పిందని గమనించాలి. పద్దెనిమిదో అధ్యాయంలో సాత్త్విక సుఖం మొదట విషంలా ఉండి చివరకు అమృతమవుతుందని మళ్లీ చెబుతుంది. కొత్తగా నియమం పట్టినవారు మొదటి వారంలోనే "నాకేమీ తేడా తెలియడం లేదు, పైగా విసుగ్గా ఉంది" అనడం మామూలే కనుక ఈ మాటను ముందే గుర్తుంచుకోవడం మంచిది.

సుఖం రావడానికి కారణం నాకు తెలిసినంతవరకు ఇది. కోరిక చెప్పినట్టు నడిచే మనిషి ప్రతిరోజూ ప్రతి చిన్న విషయానికీ తన మనసుతోనే బేరమాడవలసి వస్తుంది, ఆ బేరంలోనే అలసిపోతాడు. నియమం పట్టిన మనిషికి ఆ ఒక్క విషయంలోనైనా బేరం ఉండదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తికాక ముందు ఇదే గోదావరి ఒక ఏడు ఊళ్లను ముంచేది, మరో ఏడు చేలను ఎండగట్టేది. గట్టు కట్టి కాలువలోకి మళ్లించాక అదే నీరు అన్నం పెట్టింది. మన కోరికలకు నియమం అటువంటి గట్టు, అది నీటిని తగ్గించదు, దారి చూపుతుంది.

లోబడడంలో ఉన్న సంతోషాన్ని కళ్లతో చూడాలంటే కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటకు వెళ్లి చూడాలి. ఏకాదశ రుద్రుల, అంటే పదకొండు ఊళ్ల శివుళ్ల ప్రభలు (స్వామిని ఉంచి మోసే ఎత్తైన అలంకారాలు) చుట్టుపక్కల ఊళ్ల నుంచి అక్కడికి చేరుతాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ దాటి రావాలి. వెదురుతో కట్టి రంగుబట్టలు చుట్టిన అంత ఎత్తు ప్రభను భుజాల మీద మోస్తూ, పీకల్లోతు నీటిలో దిగి, "అశ్శరభ శరభ" అంటూ అవతలి గట్టుకు ఎక్కించేవారిలో ఒక్కడైనా ముఖం చిట్లించడం కనబడదు. దారిలో పచ్చని చేలు ఉంటాయి. ప్రభ వాటి మీదుగానే నడుస్తుంది, పైరు తొక్కుడు పడుతుంది. ఆ చేను గలవాడు గట్టు మీద నిలబడి దండం పెడతాడు, తన పొలం మీదుగా స్వామి వెళ్లాడని ఇంటికి వెళ్లి చెప్పుకుంటాడు. మరోనాడు ఎవరి గేదె అయినా ఆ చేలో అడుగు పెడితే ఊరుకునే మనిషి కాడు. నష్టం అదే అయినా, దాన్ని తన ఇష్టంతో స్వామికి వదిలిపెట్టినప్పుడు దుఃఖం కలగకపోగా గర్వం కలుగుతుందన్నది ఇక్కడ ఎవరూ ఉపన్యాసం చెప్పకుండానే తెలుస్తుంది.

ఏ నియమాన్ని పట్టాలి

మొదటి నియమం చాలా చిన్నదై ఉండాలి. ఆరోగ్యం బాగున్న రోజు, బాగులేని రోజు, చుట్టాలు వచ్చిన రోజు, వాన కురిసి కరెంటు పోయిన రోజు కూడా చేయగలిగినంత చిన్నది కావాలి. డబ్బుతో పని ఉండకూడదు, ఇంట్లో మరొకరి మీద భారం పడకూడదు. భర్త పట్టిన వ్రతానికి తెల్లవారుజామున లేచి మడి కట్టుకుని వండవలసినది భార్య అయితే ఆ వ్రతఫలం ఎవరిదో ఆయనే ఆలోచించుకోవాలి. సాయంత్రం తులసికోట దగ్గర దీపం, నూటెనిమిది మార్లు నామం, వంట మొదలుపెట్టే ముందు పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేసి నెలాఖరున ఆకలిగొన్నవారికి ఇవ్వడం, సోమవారం నాడు ఎవరినీ పరుషంగా మాట్లాడకపోవడం: ఇటువంటి వాటిలో ఏదో ఒకటి చాలు. కొబ్బరికాయల దింపుకు వచ్చేవారిలో కొందరిని గమనించండి. నడుముకు కత్తి దోపుకున్నాక, కాళ్లకు బంధం వేసుకునే ముందు, అరచేతిని చెట్టు మొదలుకు ఆనించి, ఆ చేతిని కళ్లకు అద్దుకుని అప్పుడు ఎక్కుతారు. రోజుకు ఎన్ని చెట్లు ఎక్కితే అన్నిసార్లూ అంతే. ఒక్కోసారి రెప్పపాటు కాలమే పడుతుంది, కాని తప్పదు. మొదటి నియమం ఆ పరిమాణంలో ఉండాలి.

ఇక ముఖ్యమైన మాట. ఆ నియమాన్ని మీరే ఎంచుకోకండి. మనకు నచ్చినదాన్ని మనమే ఎంచుకుంటే అది మన ఇష్టానికి మరో రూపమే అవుతుంది, అందులో లోబడడం ఉండదు. ఇంట్లో అమ్మమ్మనో, తాతయ్యనో, మేనత్తనో, మీ పురోహితుణ్ణో, రోజూ వెళ్లే గుడిలోని అర్చకస్వామినో అడగండి. "నేను రోజూ ఒక్కటి చేయాలనుకుంటున్నాను, నా వీలు ఇంత, ఏది చేయమంటారు?" అని అడిగితే చాలు. వారు చెప్పినది మీరు ఊహించుకున్నంత గొప్పగా లేకపోవచ్చు. అయినా సరే అన్నప్పుడే నియమం మొదలైనట్టు.

రాత్రంతా రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండేవారు, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసేవారు, కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్లలో పనిచేస్తూ పిల్లల్ని ఊళ్లో వదిలి ఉంటున్న తల్లులు సంధ్యాదీపం తమవల్ల కాదని బాధపడనక్కరలేదు. పత్రమో, పుష్పమో, ఫలమో, నీరో భక్తితో ఇస్తే స్వీకరిస్తానని గీత తొమ్మిదో అధ్యాయంలో భగవంతుడే చెప్పాడు. తాగే మంచినీళ్ల గ్లాసును ముందు ఆయనకు చూపించి తాగడం కూడా నియమమే, దానికి గది అక్కరలేదు, యజమాని అనుమతీ అక్కరలేదు.

ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలి

ఈ ప్రాంతంలో మొదలుపెట్టడానికి కార్తికమాసాన్ని మించిన కాలం లేదు. దీపావళి మరునాటి నుంచి నెల రోజులపాటు ఊరంతా అదే పనిలో ఉంటుంది కనుక ఒంటరిగా చేస్తున్నామన్న బెరుకు ఉండదు. చన్నీటి స్నానానికి రేవులో తోడు దొరుకుతుంది, మీరు మరిచిపోయినా పక్కింటివారి దీపం గుర్తు చేస్తుంది. మాసం అయ్యాక మార్గశిర శుద్ధ పాడ్యమి తెల్లవారుజామున పోలిస్వర్గం దీపాలు వదలడంతో ఆ నియమం ముగుస్తుంది. కార్తికం దాకా ఆగలేనివారు మండలం, అంటే నలభై రోజులు పెట్టుకోవచ్చు. ఆత్రేయపురం మండలం వాడపల్లిలో ఏడు శనివారాలు వెళ్లి, వెళ్లినప్పుడల్లా ఏడు ప్రదక్షిణలు చేసే పద్ధతి ఉంది, అదీ మంచిదే. ఏదైనా సరే, ముగింపు తేదీ ముందే తెలిసి ఉండాలి. "ఇకమీదట జీవితాంతం" అని మొదలుపెట్టినవి చాలావరకు మూడో వారం దాటవు.

సంకల్పం నోటితో చెప్పాలి. ఆచమనం చేసి, అరచేతిలో అక్షతలు పెట్టుకుని, సంస్కృతం రాకపోతే తెలుగులోనే, ఫలానా రోజు మొదలు ఫలానా రోజు దాకా ప్రొద్దు గుంకే వేళ దీపం పెడతాను, పెట్టాక పది నిమిషాలు అక్కడే కూర్చుంటాను, ఆ పది నిమిషాలు ఫోను ముట్టను అని చెప్పాలి. ఇంట్లో ఒక్కరైనా ఆ మాట వినాలి. విన్నవారెవరూ లేని సంకల్పాన్ని మనసు రెండు రోజుల్లో సవరించేస్తుంది.

దీపం పెట్టడంలో తొందర వద్దు. ప్రమిదను నిన్నటి జిడ్డు పోయేలా తుడవండి. నువ్వుల నూనె పోసి, పత్తి వత్తిని నూనెలో పూర్తిగా తడిపి, కొసను వేళ్లతో నలిపి సన్నగా చేసి అంచుకు చేర్చండి. నూనె సరిగా పట్టని వత్తి పొగ చిమ్ముతుంది, చిటపటమంటుంది, గాలికి మొదటి నిమిషంలోనే పోతుంది. కాలువ రేవులో వదలదలచుకుంటే అరటి దొప్పను జానెడు ముక్కగా కోసి, లోతైన వైపు పైకి పెట్టి, ఆవునేతిలో తడిపిన వత్తిని మధ్యలో నిలిపి, నీటి మీద ఉంచాక దొప్పను తోయకండి, దాని వెనుక నీటిని అరచేత్తో మెల్లగా తోయండి. దొప్ప ఒరగకుండా ప్రవాహంలో కలుస్తుంది. ప్లాస్టిక్ పళ్లేలూ థర్మోకోల్ దొప్పలూ నీటిలో వదలకండి. ఆ నీరే దిగువ ఊళ్లవారు వాడుకుంటారు, గోదావరి తల్లికి పూజ అంటూ ఆమె ఒంటి మీద చెత్త వేయడం ఏ విధిలోనూ లేదు.

మనసు నిలవని రోజు గురించి చాలామంది అడుగుతారు. చేతులు దీపం పెడుతున్నా తలలో అప్పులూ, ధాన్యం రేటూ, కోడలి మాటలూ తిరుగుతూనే ఉంటాయి, అటువంటి పూజ ఎందుకని సందేహం. చేయండి. మనసు కుదిరాక చేద్దామనుకుంటే ఎన్నటికీ చేయలేరు, చేయగా చేయగా కుదురుతుంది. నియమం మన నుంచి అడిగేది ఆ వేళకు అక్కడ ఉండడాన్ని, గొప్ప అనుభూతిని కాదు.

కోరికతో మొదలుపెట్టవచ్చునా అన్నది మరో సందేహం. తప్పు లేదు. ఆపదలో ఉన్నవాడు, తెలుసుకోగోరేవాడు, ఫలం కోరేవాడు, జ్ఞాని అని నలుగురు తనను భజిస్తారని చెప్పి, నలుగురూ ఉదారులేనని భగవంతుడే అన్నాడు. పిల్లకు సంబంధం కుదరాలనో, కొడుకు పరీక్ష గట్టెక్కాలనో కోరుకోండి, కాని మొదటి రోజున ఒక్కసారి చెప్పి అక్కడితో వదిలేయండి. రోజూ దీపం పెట్టి, రోజూ పని అయిందా లేదా అని లెక్క చూసుకునేవారికి దీపం దగ్గర కూర్చున్న పది నిమిషాలూ బెంగతోనే గడుస్తాయి.

సీతమ్మగారి దారి

నియమం ఎంత దూరం తీసుకువెళ్లగలదో చెప్పాలంటే ఈ డెల్టాలో డొక్కా సీతమ్మగారిని తలచుకోకుండా ఎలా? 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆవిడ లంకల గన్నవరం కోడలు. గోదావరి దాటి వచ్చీపోయేవారు ఏ వేళకు వచ్చి తలుపు తట్టినా, కులం అడగకుండా, విసుక్కోకుండా వండి పెట్టడం ఆవిడ పట్టిన నియమం. వరదలొచ్చిన రోజుల్లోనూ అది ఆగలేదంటారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి పెట్టిన పేరు ఆవిడదే.

ఆవిడను గురించి మా వైపు పెద్దలు తరచుగా చెప్పే సంగతి ఒకటుంది. ఎప్పటి నుంచో అంతర్వేది స్వామిని చూడాలని ఉన్న సీతమ్మగారు ఒకసారి ఎలాగో వీలు చేసుకుని బయలుదేరారట. దారిలో విశ్రాంతికి ఆగినచోట, ఎదురుగా ప్రయాణం చేస్తున్నవాళ్లు ఆకలికి ఏడుస్తున్న పిల్లలను సముదాయిస్తూ, గన్నవరం చేరితే సీతమ్మగారింట్లో అన్నం దొరుకుతుందని చెప్పుకోవడం ఆవిడ చెవిన పడింది. ఆవిడ అంతర్వేది ప్రయాణం అక్కడితో మానుకుని, వాళ్లకన్నా ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారు. నరసింహస్వామిని చూడలేకపోయానని ఆవిడ బాధపడినట్టు ఎవరూ చెప్పరు. దర్శనానికీ నియమానికీ పోటీ వచ్చిన వేళ ఏది స్వామికి దగ్గరో ఆవిడకు సందేహం కలగలేదు, ఏళ్ల తరబడి ఒక్కటే పని చేస్తూ వచ్చినందువల్ల ఆ క్షణాన తేల్చుకోవలసిన అవసరమే రాలేదు. భక్తి ఉన్నచోట మనిషికి కలిగే స్థిమితం ఇటువంటిదని నేను నమ్ముతాను. కనుక మీ నియమం ఎంత చిన్నదైనా అందులో మరొకరి ఆకలికో, అవసరానికో కొంచెం చోటు పెట్టండి. తన ఇంటి దీపం దగ్గరే ఆగిపోయిన భక్తి కొన్నాళ్లకు ఎండిపోతుంది.

తప్పిన రోజు

తప్పుతుంది. జ్వరం వస్తుంది, మైల వస్తుంది, బస్సు ఆలస్యమవుతుంది, ఒక్కోసారి కేవలం మరిచిపోతాం. మన పెద్దలకు ఈ సంగతి తెలుసు కనుకనే కార్తిక పౌర్ణమి నాడు 365 వత్తులు కలిపి వెలిగించే ఆచారం పెట్టారు, ఏడాదిలో దీపం పెట్టని రోజులన్నింటికీ అది సరిపోతుందని మన నమ్మకం. ప్రతి పూజ చివరా మంత్రం లోపించినా, క్రియ లోపించినా, భక్తి లోపించినా పరిపూర్ణం చేసుకొమ్మని స్వామిని వేడుకునే శ్లోకమూ అందుకే. తప్పిన మరునాడు రెట్టింపు చేయకండి, కారణాలు వెతకకండి, మామూలు వేళకు మామూలుగా చేయండి. మైల రోజుల్లో ఏం చేయాలో మీ ఇంటి ఆచారం ప్రకారం నియమం చెప్పిన పెద్దలనే అడిగి ముందే తెలుసుకోండి.

సత్యనారాయణ వ్రతకథలో సాధువనే వర్తకుణ్ణి చాలామంది భయంతో గుర్తుపెట్టుకుంటారు. అన్నవరం కొండ మీద ఆ కథ విని వచ్చి, ప్రసాదం పొట్లం ఎక్కడైనా మరిచామేమోనని వణికేవారు ఉన్నారు. ఆ వర్తకుడు ఒకనాడు పొరపాటున మరిచినవాడు కాడు. బిడ్డ పుడితే చేస్తానన్నాడు, పుట్టాక పెళ్లికి చేద్దామన్నాడు, పెళ్లయ్యాకా చేయలేదు. మాట ఇచ్చి వాయిదా వేస్తూ పోవడం మనిషిని లోపల్లోపల ఎలా తినేస్తుందో చెప్పే కథ అది. ఒక సాయంత్రం దీపం పెట్టనందుకు ఇంటికి అరిష్టం జరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఉపవాసం, ఆరోగ్యం

కార్తిక సోమవారం పగలంతా ఉపవాసం ఉండి నక్షత్రాలు చూశాక భోజనం చేసే నక్తవ్రతం ఆరోగ్యవంతులకు మంచి అభ్యాసమే. మధుమేహానికి మందులో, ఇన్సులినో వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కడుపులో పుండు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు. అతిగా తినేవాడికి గాని, అసలే తిననివాడికి గాని యోగం లేదని ఆరో అధ్యాయంలోనూ, శరీరాన్ని హింసించే ఘోరతపస్సు శాస్త్రం చెప్పినది కాదని పదిహేడో అధ్యాయంలోనూ గీత చెప్పింది. కనుక మందు వేసుకుని, వేళకు అన్నం తిని, ఉప్పో కారమో ఇష్టమైన ఒక్క వంటకమో మానుకోవడం కూడా వ్రతమే.

నెలల తరబడి నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, బతకాలని అనిపించకపోవడం ఉంటే అది భక్తి చాలకపోవడం వల్ల కాదు. అది జబ్బు. మానసిక వైద్యుణ్ణి చూడండి. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవలో మాట్లాడేవారు ఉంటారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. వైద్యంతోపాటు నియమం సాగించుకోండి, వైద్యానికి బదులుగా కాదు.

ఎవరికి లోబడాలి, ఎంతవరకు

విధేయతను గురించి ఇంత చెప్పాక ఈ మాట చెప్పకపోతే అపచారమే అవుతుంది. అర్జునుడు "కరిష్యే వచనం తవ", నీ మాట ప్రకారమే చేస్తాను అన్నాడు, నిజమే. ఆ మాటకు కొద్దిగా ముందు భగవంతుడు ఏమన్నాడో కూడా చూడాలి: చెప్పినదంతా పూర్తిగా విచారించుకుని నీకు ఎలా తోస్తే అలా చేయమన్నాడు. సాక్షాత్తు భగవంతుడే అంత స్వేచ్ఛ ఇచ్చి అడిగిన విధేయతను భయపెట్టి గుంజుకునే హక్కు ఏ మనిషికీ లేదు. తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించి వెళ్లే శిష్యుడికి గురువు, మాలో మంచి నడవడి ఏదో దాన్నే నువ్వు అనుసరించు, మిగిలినదాన్ని కాదు అని చెప్పాడు.

కొలతలు ఇవి. మీకు నియమం చెప్పినవారు తాము కూడా అది పాటించేవారై ఉండాలి. చెప్పినందుకు పెద్దమొత్తాలు అడగకూడదు. ఇంట్లోవారికి తెలియకుండా దాచమనకూడదు, మందులు మానమనకూడదు, ఆడపిల్లను ఒంటరిగా రమ్మనకూడదు, మాట వినకపోతే కీడు జరుగుతుందని బెదిరించకూడదు. వీటిలో ఒక్కటి కనబడినా లేచి వచ్చేయండి, ఆ వ్యక్తి కాషాయం కట్టినా, మీకు దగ్గర బంధువైనా సరే. ఇంట్లో పెద్దలకు లోబడడమూ ఇంతే. కొట్టే మనిషిని భరించడం వ్రతం కాదు.

ముగింపు రోజున

అనుకున్న గడువు పూర్తయ్యాక ఉద్యాపన చేయండి. ఆడంబరం వద్దు. పులిహోరో, పరమాన్నమో చేసి నైవేద్యం పెట్టి, ఇరుగుపొరుగుకు పంచి, కనీసం ఒక్కరికి కడుపునిండా భోజనం పెట్టండి. ఆ ఒక్కరూ మీ బంధువు కాకపోతే మరీ మంచిది. తరువాత పండూ తాంబూలమూ తీసుకుని మీకు నియమం చెప్పిన పెద్దల దగ్గరకు వెళ్లి, ఎలా జరిగిందో, ఎన్నాళ్లు తప్పిందో దాచకుండా చెప్పండి. దీన్నే కొనసాగించాలా, దీనికి మరొకటి కలుపుకోవాలా అన్నది మీరు తేల్చకుండా వారినే అడిగి, వారు ఏది చెబితే దానికి మళ్లీ తేదీ పెట్టుకోండి.